తులసి కోటకి అడుగున కన్నం ఉందా? ఈ నెల మొక్కల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైనే "ఆకులు పసుపైపోతున్నాయి, ఏం మందు కొట్టాలి" అనే ఉన్నాయి. మందు పేరు చెప్పడం ఎంతసేపు, కానీ ఆ పసుపు నీళ్ళెక్కువైనా వస్తుంది, తక్కువైనా వస్తుంది, ఇనుము అందకపోయినా వస్తుంది, పురుగు రసం పీల్చినా వస్తుంది. అందుకే ఏం చూడాలో ముందు చెప్పి ఏం చెయ్యాలో తర్వాత చెప్తున్నాను. ఫోటోలు పంపేవాళ్ళు మొక్కంతా దూరం నుంచి తియ్యకండి, ఆకు అడుగు వైపు, కాండం మట్టిలోకి దిగే చోటు, కుండీ అడుగు, ఈ మూడూ దగ్గర్నుంచి తీసి పంపండి.

గుంటూరు నుంచి ఒక గృహిణి: మేడమ్, మా ఇంట్లో తులసి నిలవట్లేదు. రెండేళ్ళలో ఆరు మొక్కలు మార్చాం. తెచ్చిన నెల రోజులు బాగుంటుంది, తర్వాత కింద ఆకులు రాలిపోయి కాండం మొదట్లో నల్లబడి చచ్చిపోతుంది. రోజూ స్నానం చేసి చెంబుడు నీళ్ళు పోసే దండం పెట్టుకుంటాను, ఒక్కరోజు కూడా మానలేదు. ఇంటికి మంచిది కాదేమో అని మా అత్తగారు దిగులు పడుతున్నారు.

ముందు అత్తగారికి చెప్పండమ్మా, ఇందులో అరిష్టం ఏమీ లేదు, ఆవిడ్ని దిగులు పడొద్దనండి. మీరు ఒక్కరోజు కూడా మానలేదన్నారు చూడండి, మొక్కకి ఇబ్బంది అక్కడే వచ్చింది. కోట ఫోటో చూశాను, పాలరాతి కోట, పైన మట్టి పొయ్యడానికి జానెడు గుంట, అడుగున నీళ్ళు పోయే దారి ఎక్కడా కనపడలేదు. పాతకాలం పెరట్లో కోటలు కొన్నిటికి అడుగు మూసేవాళ్ళు కాదు, మట్టి కింద నేలతో కలిసిపోయేది కాబట్టి ఎన్ని చెంబులు పోసినా భూమిలోకి ఇంకిపోయేది, ఇప్పుడు మనం షాపులో కొని బాల్కనీలో పెట్టుకునేవి చాలావరకు పూలకుండీ ఆకారంలో ఉన్న గిన్నెలే. పోసిన నీళ్ళు ఎటూ పోవు, కింద మూడు నాలుగు అంగుళాలు ఎప్పుడూ బురదగా ఉంటుంది, వేళ్ళకి గాలి ఆడక కుళ్ళిపోతాయి. కాండం మొదట్లో నల్లబడిందంటే కుళ్ళు అప్పటికే పైదాకా వచ్చేసినట్టు.

మేస్త్రీనో ప్లంబర్నో పిలిచి కోట అడుగున అరంగుళం కన్నం వేయించండి, కన్నం మీద కుండ పెంకు ఒకటి బోర్లించండి. కోటకి కన్నం పెట్టడం ఇష్టం లేకపోతే మొక్కని కన్నాలున్న మట్టి కుండీలోనే ఉంచి ఆ కుండీని కోటలో దించండి, కింద రెండు ఇటుక ముక్కలు పెడితే కారిన నీళ్ళలో కుండీ మునగదు, ఆ నీళ్ళు మాత్రం వారానికోసారి తీసెయ్యాలి. మట్టి రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు ఇసుక, ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించి చూసి పొడిగా తగిలిన రోజే చెంబుతో పొయ్యండి. మిగతా రోజుల్లో ఉద్ధరిణెతో మూడుసార్లు పోసి దండం పెట్టుకోండి, పూజ మానాల్సిన పని లేదు, మొక్కకీ ఏం కాదు. పాలు, పసుపు నీళ్ళు, అభిషేకం చేసిన పంచామృతం మాత్రం మొదట్లో పొయ్యొద్దు, అవి పులిసి వాసనొచ్చి చిన్న చిన్న నల్లదోమలు చేరతాయి. దీపం గూట్లో పెడతారు కదా, సెగ కొమ్మకి తగులుతుందేమో చూసుకోండి, ఒకవైపే ఆకులు మాడాయంటే కారణం అదే అవ్వచ్చు.

ఇంకోమాట. మంజరులు అంటే పూల కంకులు, వాటిని ఎండి గింజ కట్టేదాకా ఉంచితే మొక్క ముసలిదైపోతుంది. లేతగా ఉన్నప్పుడే తీసి స్వామికి పెట్టండి, కింద నుంచి కొత్త కొమ్మలొస్తాయి. ధనుర్మాసం చలికి ఆకు కొంచెం రాలడం మామూలే, కంగారుపడి నీళ్ళు పెంచకండి. రెండు మూడు కంకులు మాత్రం ఎండనిచ్చి ఆ గింజలు వేరే కుండీలో చల్లుకుంటే ఎప్పుడూ పిల్ల మొక్క ఒకటి చేతిలో ఉంటుంది.

హైదరాబాద్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: హాలులో పెట్టిన మనీ ప్లాంట్ ఆకులు వరసగా పసుపైపోతున్నాయి, యూట్యూబ్‌లో చూసి ఎన్‌పీకే వేశాను, ఇంకా ఎక్కువైంది.

ఎరువు ఆపెయ్యండి బాబూ. కింద ముదురాకు నెలకొకటి పసుపైతే అది వయసు, వరసగా నాలుగైదు అయితే వేరు చూడాల్సిందే. మా చెల్లెలి ఇంట్లో సరిగ్గా ఇలాగే అయ్యింది, తను ఫోన్లో "రెండు రోజులకోసారే పోస్తున్నానక్కా" అంటోంది, వెళ్ళి చూస్తే నర్సరీ వాళ్ళిచ్చిన నల్ల ప్లాస్టిక్ కుండీని తెచ్చినట్టే తెల్ల పింగాణీ కుండీలో దించేసింది. రెండూ విడదీస్తే పింగాణీలో రెండంగుళాల నీళ్ళు, మురిగిన వాసన. మొక్కని తలకిందులు చేసి మెల్లగా తడితే మట్టి గడ్డ కట్టినట్టు మొత్తం చేతిలోకొచ్చింది, ఒక వేరు పట్టుకుని లాగాను, పైన గోధుమరంగు తొక్క నా వేళ్ళకే ఊడొచ్చేసి లోపల దారప్పోగు లాంటిది మిగిలింది. మంచి వేరు అలా ఉండదు, తెల్లగా గట్టిగా ఉంటుంది, లాగితే తొక్క ఊడదు.

మీరూ అలాగే తీసి చూడండి. కుళ్ళిన వేళ్ళన్నీ కత్తెరతో తీసేసి కొత్త మట్టిలో పెట్టండి, సగం కన్నా ఎక్కువ పోయుంటే దాన్ని బతికించే ప్రయత్నం వద్దు, తీగని కణుపు కింద కత్తిరించి నీళ్ళ సీసాలో పెట్టండి, కొన్ని వారాల్లో వేళ్ళు వస్తాయి. ఏసీ గదిలో మట్టి త్వరగా ఆరదు, అందుకే రోజుల లెక్క పెట్టుకోకుండా కుండీ చేత్తో ఎత్తి బరువు చూస్కోండి, తేలిగ్గా అనిపించినప్పుడే నీళ్ళు.

కరీంనగర్ నుంచి: అమ్మా, మేడ మీద కుండీలో కరివేపాకు నాలుగేళ్ళది. కొత్త ఆకులు తెల్లగా పాలిపోయి వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. పుల్ల మజ్జిగ పొయ్యమన్నారు, మూడు నెలలుగా పోస్తున్నా ఏం మార్పు లేదు. మాది బోరు నీళ్ళు.

ప్రశ్న ఇంత బాగా రాస్తే జవాబు సగం అందులోనే ఉంటుందండి. ముదురాకులు పసుపైతే నత్రజని తక్కువ అనుకోవాలి, లేతాకులు పాలిపోయి ఈనెలు పచ్చగా మిగిలితే ఇనుము అందట్లేదని. ఎందుకలా అంటే నత్రజనిని మొక్క ముదురాకుల్లోంచి లాగి చిగురుకి పంపించుకోగలదు, ఇనుముని అలా కదిలించుకోలేదు కాబట్టి కొరత ముందు చిగురులోనే కనిపిస్తుంది. మీ మట్టిలో ఇనుము లేక కాదు, బోరు నీళ్ళల్లో సున్నం లాంటి లవణాలు ఎక్కువ, నాలుగేళ్ళుగా అవే పోసేసరికి మట్టి చౌడు గుణానికి తిరిగి ఉన్న ఇనుము కూడా కరగని రూపంలోకి మారిపోతుంది. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందేమో చూడండి, చాలావరకు ఉంటుంది.

మజ్జిగ పలచగా పోస్తే చెడేం జరగదు, కొంచెం పులుపు కాబట్టి కాస్త ఉపకారమే, కానీ ఇంత కొరతకి అది చాలదు. అన్నభేది అని ఇనుము ఉండే లవణం (ఫెర్రస్ సల్ఫేట్) దొరుకుతుంది ఎరువుల షాపులో, లీటరు నీళ్ళలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి తర్వాత 5 గ్రాముల అన్నభేది వేసి కలిపి వడగట్టి సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చెయ్యండి, వారం ఆగి మళ్ళీ ఒకసారి. ముందు ఒక్క కొమ్మ మీద కొట్టి రెండు రోజులు చూడండి, ఆకు మాడకపోతే మొత్తానికి కొట్టండి. కలిపింది కలిపినట్టు వాడెయ్యాలి, నిలవుంచితే తుప్పు రంగుకి తిరుగుతుంది, ఇక పనికిరాదు. టైల్స్ మీద, బట్టల మీద పడితే మరక పోదు, కుండీ పక్కకి జరిపి కొట్టండి. పచ్చబడ్డాక కొన్ని రోజులు కొయ్యకుండా ఆగి బాగా కడుక్కుని వాడుకోండి.

అసలు పని మాత్రం కుండీ మార్చడం. నాలుగేళ్ళంటే వేళ్ళు గుండ్రంగా చుట్టేసి ఉంటాయి. వానాకాలం మొదట్లో 18 అంగుళాల కుండీలోకి మార్చి కొత్త మట్టి వెయ్యండి, వాన నీళ్ళు బకెట్లలో పట్టుకుని దీనికి పొయ్యండి. పూత వస్తే తుంచెయ్యండి. ఆకు మీద పక్షి రెట్ట లాంటిది అతుక్కుని కనిపిస్తే అది రెట్ట కాకపోవచ్చు, నిమ్మ జాతి సీతాకోకచిలుక పిల్ల పురుగు, నాలుగు రోజుల్లో పచ్చగా మారి కొమ్మంతా బోడి చేసేస్తుంది. చేత్తో ఏరెయ్యండి, మందక్కర్లేదు. నేనైతే వాటిని పక్కింటి పెద్ద కరివేప చెట్టు మీద వదిలేస్తాను, ఆ చెట్టుకి నాలుగాకులు పోయినా తెలీదు.

డల్లాస్, టెక్సస్ నుంచి: ఆంటీ, నా కరివేపాకు డిసెంబర్‌లో ఇంట్లోకి తెచ్చాక ఆకులన్నీ రాలిపోయి పుల్లలే మిగిలాయి. చచ్చిపోయినట్టేనా? ఇంకోటి, పిల్ల మొక్క ఒకటి కాలిఫోర్నియాలో మా అక్కకి కొరియర్‌లో పంపొచ్చా?

గోటితో బెరడు కొంచెం గీకమ్మా, లోపల పచ్చగా తడిగా కనిపిస్తే బతికే ఉంది. కొస నుంచి మొదలుపెట్టి కిందకి గీకుతూ రా, గోధుమరంగు ఆగి పచ్చ మొదలైన చోట కత్తిరించెయ్. చలికి ఈ మొక్క ఆకు రాల్చి నిద్రపోతుంది, అప్పుడు నీళ్ళు ఎక్కువ పోస్తే ఆ నిద్రలోనే వేరు కుళ్ళుతుంది. మట్టి బాగా ఆరాకే కొంచెం పొయ్యి, ఎరువు మార్చి దాకా వద్దు, హీటర్ గాలి సూటిగా తగలని కిటికీ దగ్గర పెట్టు. కొమ్మల మీద గోధుమరంగు చిన్న పొలుసుల్లాంటివి అతుక్కుని ఉన్నాయేమో చూడు, ఉంటే అవి పొలుసు పురుగులు, పాత టూత్‌బ్రష్‌ని సబ్బు నీళ్ళలో ముంచి రుద్దితే పోతాయి. వచ్చే ఏడాది రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగకముందే లోపలికి తెచ్చెయ్.

అక్కకి మాత్రం పంపొద్దు. చట్టం ఒప్పుకోదని మాత్రమే కాదు, నిజంగా నష్టం ఉంది. నిమ్మ, నారింజ చెట్లని చంపేసే సిట్రస్ గ్రీనింగ్ అని ఒక జబ్బుంది, 2005లో ఫ్లోరిడాలో బయటపడింది, 2012లో టెక్సస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ కనిపించింది. దాన్ని మోసుకెళ్ళే సిల్లిడ్ అనే ఆవగింజంత పురుగుకి మన కరివేపాకు చిగురంటే చాలా ఇష్టం, దాని గుడ్లు చిగురు మడతల్లో ఉంటే కంటికి కనపడవు. అందుకే కరివేప మొక్కల్ని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపడం మీద అక్కడ కట్టుదిట్టంగా ఆంక్షలున్నాయి, ఇండియా నుంచి లగేజీలో పచ్చి కరివేపాకు తేవడం కూడా కుదరదు. అక్కని అక్కడి లైసెన్సున్న నర్సరీలోనే కొనుక్కోమను. ఖరీదెక్కువే, నాకు తెలుసు, అయినా అదే మంచిది.

భీమవరం నుంచి: మందారం కొమ్మలకి తెల్లటి దూది అంటుకున్నట్టుంది, మొగ్గలు విచ్చకుండానే రాలుతున్నాయి. మూడు రకాల మందులు కొట్టించాం, పదిరోజులు తగ్గి మళ్ళీ వస్తోంది.

పిండినల్లి అది. మీరు చీమల సంగతి రాయలేదు గానీ ఫోటోలో కాండం మీద వరస కనిపిస్తోంది. పిండినల్లి తియ్యటి జిగురు విసర్జిస్తుంది, దానికోసం చీమలు వాటిని కాపలా కాసి ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకి మోసుకెళ్తాయి, వాటిని తినే అక్షింతల పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. చీమల్ని ఆపకుండా ఎన్ని మందులు కొట్టినా పదిరోజులే. పైగా ఆ దూది మైనం లాంటిది, మందు నీళ్ళు దాని మీద నుంచి జారిపోతాయి, గట్టి మందులకి అక్షింతల పురుగులు ముందు చచ్చి ఇవి మిగులుతాయి.

బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి కవర్లో మూటకట్టి పారెయ్యండి, పెరట్లో పడెయ్యకండి. మిగిలినదాన్ని పైపు పెట్టి గట్టి ధారతో కడగండి, ఆకు అడుగున, కొమ్మల పంగల్లో. మొక్క ఆరాక సాయంత్రం వేపనూనె కొట్టాలి. చాలామంది నీళ్ళలో నూనె పోసి పైన తేలిందని కొడతారు, అది పనిచెయ్యదు, ఆకులు మాడతాయి కూడా. ఒక గిన్నెలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, అర చెంచా గిన్నెలు కడిగే లిక్విడ్ వేసి ముందు ఆ రెండూ బాగా కలపండి, తర్వాత గోరువెచ్చని నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ గిలక్కొట్టండి, పాలలా తెల్లగా విరగకుండా కలిసిందంటే సరిగ్గా వచ్చినట్టు, లీటరు చేసుకుని వెంటనే కొట్టెయ్యండి. వారానికోసారి చొప్పున మూడుసార్లు, ఎందుకంటే దూది కింద గుడ్లు పొదిగి పిల్లలు బయటికొస్తూనే ఉంటాయి, ఒక్కసారి కొట్టి మానేస్తే మళ్ళీ మొదటికే. చీమలకి కాండం చుట్టూ ఒక గుడ్డ పట్టీ కట్టి దాని మీద గ్రీజు రాయండి, గ్రీజు నేరుగా బెరడుకి రాయకండి. గోడకి తగిలే కొమ్మ ఒక్కటి ఉన్నా చీమలు అటునుంచి వస్తాయి, అది కూడా కత్తిరించండి. మొగ్గలు పురుగు తగ్గాక కూడా రాలుతుంటే నీళ్ళు ఒకరోజు ఎక్కువ ఒకరోజు అసల్లేక అవుతున్నాయేమో చూసుకోండి.

ఖమ్మం నుంచి: గ్రో బ్యాగుల్లో మిరప మొక్కలు ముడుచుకుపోయాయి. వైరస్ అని పీకెయ్యమంటున్నారు.

పీకేముందు ఒక్క పని. తెల్ల కాగితం కొమ్మ కింద పట్టుకుని కొమ్మని రెండుసార్లు కొట్టండి. పసుపో నలుపో గీతల్లాంటి సన్నటి పురుగులు పరిగెత్తితే తామర పురుగులు, అప్పుడు ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా ఉంటాయి, పై ముడత అంటాం. ఆకులు కిందకి ముడుచుకుని తిరగేసిన దోనెలా, కాడలు పొడుగ్గా ఉంటే అది తెల్లనల్లి, కింది ముడత, అది భూతద్దం లేకపోతే కనపడదు. ఈ తేడా ఎందుకంటే ఒకదానికి కొట్టే మందు ఇంకోదానికి పనిచెయ్యదు. పై ముడతకి చిగుళ్ళు తుంచేసి వేపనూనె, మొక్కల మధ్య నీలం రంగు జిగురు అట్టలు. కింది ముడతకి నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, ఎండ తగ్గాక, వేపనూనె కొట్టి రెండు వారాలు దాటితేనే, లేకపోతే రెండూ కలిసి ఆకుని కాల్చేస్తాయి. ఆకులు మరీ చిన్నవైపోయి గుత్తిలా దగ్గర దగ్గరగా వచ్చి, చిగురు తీసినా మళ్ళీ అలాగే వస్తుంటే మాత్రం వైరస్సే, దానికి మందు లేదు, పీకెయ్యండి.

2021లో మన మిరప రైతులకి వచ్చిన నల్ల తామర పురుగు గుర్తుండే ఉంటుంది, ఖమ్మంలో మీకు నేను చెప్పక్కర్లేదు. అది పూలలో దాక్కుంటుంది. మీ మొక్కల్లో ఒక పువ్వు తీసి అరచేతిలో నలిపి చూడండి, నల్లటి చుక్కలు కదిలితే పూలన్నీ కోసి సబ్బు నీళ్ళలో వేసెయ్యండి. ఆ విడత కాపు పోతుంది, మొక్క దక్కుతుంది.

విశాఖపట్నం నుంచి: టమాటా కాయ అడుగు నల్లగా కుళ్ళుతోంది, కోడిగుడ్డు పెంకులు వేశాను.

గుడ్డు పెంకు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకి అందదు. కాల్షియం నీళ్ళతోపాటే కాయలోకి వెళ్తుంది, మట్టి ఒకరోజు ఎండి ఒకరోజు తడిస్తే కాయ కొసకి చేరదు, అదీ జబ్బు. రోజూ ఒకే వేళకి నీళ్ళు, మొదట్లో ఎండాకులు మందంగా పరవండి, యూరియా వాడుతుంటే ఆపండి. నల్లబడ్డ కాయలు తీసెయ్యండి, తర్వాతి కాయలు బాగుంటాయి.

నల్గొండ నుంచి: నర్సరీలో ఎర్ర గులాబీ అని కొన్నాం, ఏడాది పూసింది, ఇప్పుడు పొడుగ్గా కొమ్మలే తప్ప పువ్వే లేదు. ఏడాకుల కొమ్మలు తీసెయ్యమంటున్నారు.

ఆకులు లెక్కపెట్టి కొయ్యకండి, మంచి గులాబీకి కూడా ఒక్కోసారి ఏడు వస్తాయి. మొదట్లో అడవి గులాబీ వేరు మీద మంచి గులాబీని అంటు కట్టిన చోట ముడిలా ఉబ్బుంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. దానికింద నుంచి వచ్చిన కొమ్మ అడవి గులాబీది, అది మట్టి తవ్వి మొదలంటా లాగెయ్యండి. ముడి పైనుంచి ఒక్క కొమ్మైనా పచ్చగా ఉంటే మీ ఎర్ర గులాబీ ఉన్నట్టే, లేకపోతే అది ఎప్పుడో చచ్చిపోయింది, మీరు ఇన్నాళ్ళూ అడవి గులాబీకి నీళ్ళు పోస్తున్నారు.

సిద్దిపేట నుంచి ఒక పెద్దాయన: అమ్మా, మా వాకిట్లో వేపచెట్టు మా నాయన పెట్టింది. కొసలన్నీ కాలినట్టు ఎండిపోయినయి. కొట్టేయమంటున్నరు పిల్లలు. మనసొప్పుతలేదు.

కొట్టించకండి పెద్దాయనా. 2021 చివర్లో తెలంగాణ అంతటా వేపలు ఇలాగే మాడిపోయినట్టు కనిపించాయి, ఊళ్ళో జనం చాలా భయపడ్డారు. టీ దోమ అనే పురుగు లేత కొమ్మల రసం పీలుస్తుంది, ఆ గాయాల్లోంచి ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం దిగి కొసల నుంచి కిందకి ఎండబెడుతుంది. చూడ్డానికి చెట్టు చచ్చినట్టే ఉంటుంది, కానీ అప్పుడు ఎండిన చెట్లు చాలా మళ్ళీ చిగురు వేశాయి. మాను మీద మీ కొడవలి కొసతో చిన్నగా గీకి చూడండి, తడి తగిలితే ప్రాణం ఉంది. చేతికందే ఎండు కొమ్మలు పచ్చి చెక్క వచ్చేదాకా కొట్టించి కాల్చెయ్యండి. మొదలు చుట్టూ సిమెంటు గద్దె కట్టుంటే ఒక బారెడు మేర పగలగొట్టించి మట్టి గుల్ల చేసి నీళ్ళు పెట్టండి. అంత పెద్ద చెట్టుకి మందు పిచికారీ ఇంట్లో వాళ్ళ వల్ల అయ్యే పని కాదు, మొదట్లో శిలీంధ్రం మందు పొయ్యడం గురించి దగ్గర్లో కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళని గానీ కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551ని గానీ అడగండి, తెలుగులోనే చెప్తారు. ఉగాది దాకా ఆగండి. అప్పటికి చిగురేసిందో లేదో, వేప్పూత వచ్చిందో లేదో నాకో ముక్క రాయండి.